అలిగి వెళ్లిన లక్ష్మి ఏ షరతు మీద తిరిగొచ్చింది?

మార్గశిర మాసం వచ్చిందంటే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వీధుల్లో లక్ష్మీవారం పూజలు రెండు భాషల్లో సాగుతాయి. ఒడియా వాళ్ల ఇళ్ల ముందు బియ్యప్పిండి ముగ్గుల్లో లక్ష్మీపాదాలు వీధిలోంచి గడప దాటి లోపలికి నడుస్తాయి. కొత్త ధాన్యం నింపిన మాణాన్ని, అంటే ధాన్యం కొలిచే పాత్రను, అమ్మవారిగా నిలిపి పూజ చేసి, పంచసఖులనే ఐదుగురు ఒడియా భక్తకవుల్లో ఒకరైన బలరామదాసు రాసిన లక్ష్మీపురాణం చదువుకుంటారు. పక్కింటి తెలుగు ముత్తయిదువ తన లక్ష్మీవారం నోము ముగించుకుని ఆ కథ వినడానికి వెళ్లి కూర్చుంటుంది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు ఈ కథ పరాయిది కాదు. అయితే మొదటి నుంచి చివరిదాకా అది ఒక ఆలుమగల తగవు కథ అన్న సంగతి మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు. అక్షింతలు నెత్తిన వేసుకుని లేచిపోతారు.

కాపురంలో తగవు వచ్చినప్పుడు "దేవుడి మీద భారం వెయ్యి, ఓర్చుకో, అన్నీ అవే సర్దుకుంటాయి" అని ఆడపిల్లకు చెప్పడం మన ఇళ్లలో మామూలే. కానీ ఈ ప్రాంతంలో భక్తిగా చదివే కథలు, ఏటా కళ్లారా చూసే ఉత్సవాలు ఓర్పు ఒక్కటే చెప్పడం లేదు. కోపాన్ని ఎంతవరకు చూపాలో, ఎవరు ముందుగా గుమ్మం దాకా రావాలో, ఏం మారాక మళ్లీ కలవాలో కూడా చెబుతున్నాయి. ఆధ్యాత్మిక విలువలు కాపురాన్ని నిలబెడతాయన్న మాట నిజమే. ఏ విలువలన్నది విడమరిచి చూడకపోతే ఆ మాట ఇద్దరిలో ఒకరి నోరు మూయించడానికే పనికొస్తుంది.

12 ఏళ్ల ఆకలి

లక్ష్మీపురాణంలో తగవు ఎలా పుట్టిందో ముందు గమనించాలి. మార్గశిర లక్ష్మీవారం నాడు లక్ష్మి భర్త జగన్నాథుడికి చెప్పే ఊరు చూడడానికి బయల్దేరింది. ఊరి చివర శ్రియ అనే చండాల స్త్రీ ఇల్లు అలికి, ముగ్గు పెట్టి, భక్తితో పూజ చేసుకుంటోంది. లక్ష్మి ఆ ఇంట అడుగుపెట్టింది. అది చూసిన బావగారు బలభద్రుడు ఆమెను ఇక మందిరంలోకి రానివ్వొద్దని పట్టుబట్టాడు. జగన్నాథుడు అన్నను బతిమాలాడు, ఈ ఒక్కసారికి క్షమించమన్నాడు. చివరికి అన్న మాట కాదనలేక భార్యను గుమ్మంలోనే ఆపేశాడు. ఆమె నగలు ఒలిచి ఇచ్చేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత పూరీ శ్రీమందిరంలో తినడానికి మెతుకు లేదు. అన్నదమ్ములిద్దరూ 12 ఏళ్లు అన్నానికి మొహం వాచి, బిచ్చగాళ్లలా తిరిగి తిరిగి, చివరికి తెలియకుండానే లక్ష్మి ఉంటున్న ఇంటి ముందుకే వచ్చి నిలబడ్డారు. అది చండాలుర ఇల్లని చెప్పినా, ఆకలి ముందు పట్టింపు ఓడిపోయి, ఆమె వండిన అన్నమే తిన్నారు.

ఇందులో తగవు భార్యాభర్తల మధ్య పుట్టింది కాదు. భార్య తప్పు చేయలేదని భర్తకు తెలుసు. పెద్దవాడి ఎదుట ఆ మాట గట్టిగా అనడానికి అతనికి నోరు రాలేదు, అంతే. మన ఇళ్లలో తగవులు చాలావరకు ఇలాంటివే. ఆమెకు అతని మీద కోపం రావడానికి కారణం అతను తిట్టడం కాదు, అత్తో ఆడపడుచో బావగారో ఒక మాట అన్నప్పుడు అతను తల దించుకుని పళ్లెంలోకి చూస్తూ ఉండిపోవడం. ఏళ్లు గడిచాక ఆ మాట అన్నవాళ్లను మరిచిపోవచ్చు గానీ, ఆ రోజు మాట్లాడని మనిషిని మరిచిపోవడం కష్టం.

ఇక కథలో అందరూ పట్టించుకోవలసిన చోటు ముగింపు. తప్పు తెలుసుకున్న బలభద్రుడే తమ్ముణ్ని వెళ్లి పిలుచుకురమ్మన్నాడు. తెంచినవాడే అతకడానికి పూనుకున్నాడు. జగన్నాథుడు వచ్చి అడిగాడు. లక్ష్మి వెంటనే వెనక వెళ్లిపోలేదు. ఇక మీదట బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా అందరూ ఒకరి చేతి ప్రసాదం ఒకరు ఎలాంటి తేడా లేకుండా తినాలి, అప్పుడే వస్తానంది. ఆ షరతు ఒప్పుకున్నాకే లోపల అడుగుపెట్టింది. పూరీలో మహాప్రసాదాన్ని కుల భేదం లేకుండా పంచుకు తినే ఆచారాన్ని భక్తులు ఈ కథతోనే ముడిపెట్టి చెప్పుకుంటారు. ఆమె అడిగింది తనకు నగలో పట్టుచీరో కాదు. తనను ఏ కారణంతో గెంటేశారో ఆ కారణమే ఇంట్లో ఉండకూడదంది.

తెలుగువాళ్లు కార్తీకంలో చేసుకునే కేదారేశ్వర వ్రతకథ కూడా దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. కైలాసంలో భృంగి మహర్షి శివుడికే ప్రదక్షిణ చేసి, పక్కనున్న పార్వతిని పట్టించుకోలేదు. ఎందుకిలా అని అడిగితే శివుడు ఆ ఋషి పక్షమే మాట్లాడాడు. గౌరి అలిగి కైలాసం విడిచి గౌతముడి ఆశ్రమానికి వెళ్లిపోయింది. అక్కడ 21 రోజులు వ్రతం చేసి భర్త శరీరంలో సగం పొందింది. 21 పోగుల తోరం కట్టుకుని ఏటా ఈ కథ చదివే ఇల్లాళ్లు, అమ్మవారికి దక్కింది ఆదరణ మాత్రమే కాదని, సరిసమానమైన చోటు అని గుర్తు చేసుకోవాలి. ఇంటి యజమాని కూడా పక్కనే కూర్చుని వింటాడు కాబట్టి అతనూ గుర్తు చేసుకోవాలి.

ఒడియా కథలోనూ తెలుగు కథలోనూ దేవత అలగడం తప్పని ఎవరూ అనలేదు. ఇల్లు విడిచిందని శాపం తగల్లేదు. రెండు చోట్లా మర్యాద పోయింది, ఆమె వెళ్లింది, ఇంట్లో ఉన్న ఏర్పాటు మారింది, ఆమె వచ్చింది. ఏర్పాటు మారకుండా మనిషిని మాత్రం తిరిగి తెచ్చుకోవాలని చూడడం ఈ కథల్లో లేదు. మన పంచాయితీల్లో మాత్రం దండిగా ఉంది.

సరిహద్దు కాపురాల తగవులు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని బరంపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాలు అటు వెళ్లాయి. గీత పడింది గానీ వియ్యాలు ఆగలేదు. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, పాతపట్నం వైపు అమ్మాయిలు ఇప్పటికీ ఇక్కడి ఇళ్లకు కోడళ్లుగా వస్తూనే ఉన్నారు. పెద్దవాళ్ల లెక్కలో ఇది ఒకే నేల. పాతపట్నం నుంచి పర్లాకిమిడి అంటే పక్క ఊరే. కానీ వచ్చిన పిల్లకు మాత్రం ఇది వేరే రాష్ట్రం.

రేషన్ దుకాణం, తహసీల్దారు ఆఫీసు, పిల్లల బడి, ఆస్పత్రి చీటీ అన్నీ ఒడియాలో ఉంటాయి. పుట్టింట డిగ్రీ దాకా చదివిన అమ్మాయి ఇక్కడ ఒక దరఖాస్తు నింపాలన్నా భర్త ఇంటికొచ్చేదాకా కాచుకోవాలి. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి గనుక పుట్టింటి కులపత్రం ఇక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు. ఉద్యోగం చేయాలనుకుని వచ్చిన పిల్లకు ఈ సంగతి పెళ్లి మాటలప్పుడు ఎవరూ చెప్పరు. రెండు మూడేళ్లకు కొడుకు ఒడియాలో అక్షరాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని చెప్పలేని తల్లిని ఇంట్లోవాళ్లు "దీనికేమీ రాదు" అనడం మొదలుపెడతారు. ఆమె ఊరుకుంటే మెతకదంటారు, తిరగబడితే గయ్యాళి అంటారు. ఇది స్వభావాల మధ్య గొడవ అని అందరూ అనుకుంటారు. నిజానికి ఒక మనిషి చేతిలోని పనులన్నీ ఒక్కసారిగా జారిపోయిన బాధ అది. ఆర్నెల్లపాటు రోజూ రాత్రి అరగంట కూర్చుని భార్యకు ఒడియా అక్షరాలు నేర్పిన భర్త, జీవితాంతం పడవలసిన కొన్ని తగవులను ముందుగానే వదిలించుకున్నట్టు. ఆ ఇంట్లో పూజ కంటే అది తక్కువ పుణ్యకార్యమేమీ కాదు.

తగవులకు రెండో మూలం గుజరాత్‌లోని సూరత్‌కు వలస. గంజాం జిల్లా నుంచి లక్షల మంది, ఒడియా వాళ్లూ తెలుగు వాళ్లూ, అక్కడి పవర్‌లూమ్‌లలో పని చేస్తున్నారు. పన్నెండేసి గంటల షిఫ్టు, చెవులు చిల్లులు పడే మరల మోత, ఒక్కో గదిలో షిఫ్టులవారీగా పడుకునే మనుషులు. ఊరికి వచ్చేది పండగలకో పెళ్లిళ్లకో. ఇక్కడ భార్య అత్తమామలను, పిల్లలను, ఉంటే కాస్త పొలాన్ని ఒంటి చేత్తో చూసుకుంటుంది. ఇద్దరూ కష్టపడుతున్నారు, కానీ ఒకరి కష్టం ఒకరికి కనబడదు. అతనికి కనబడేది తాను పంపిన డబ్బు ఖర్చయిపోవడం. ఆమెకు కనబడేది ఫోన్‌లో అతని విసుగు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి ఫోన్ ఎత్తగానే "పిల్లాడి ఫీజు కట్టలేదు, మీ అమ్మ ఇలా అంది" అని మొదలైతే ఆ మాటలు ఎటు పోతాయో చెప్పనక్కర్లేదు. అటువైపు ఆమె కూడా రోజంతా ఆ ఒక్క ఫోన్ కోసమే మాటలన్నీ దాచుకుని ఉంటుంది.

వలస కాపురాలకు నీతిబోధ కంటే ఏర్పాటు ఎక్కువ అవసరం. షిఫ్టు దిగిన వెంటనే చేసే ఫోన్ యోగక్షేమాల కోసమే ఉండాలి. డబ్బు సంగతి, ఇంటి పేచీలు సెలవు రోజు ఫోన్‌కు పెట్టుకోవాలి. పంపిన డబ్బు, అయిన ఖర్చు ఒకే పుస్తకంలో రాసి ఆ పేజీ ఫోటో తీసి పంపుకుంటే సగం అనుమానాలు పుట్టవు. అత్తగారి గురించి చెప్పేది ఆమె లేని గదిలోంచి చెప్పడం, తల్లి చెప్పిన ఫిర్యాదును భార్య వాదన వినకుండా తీర్పుగా మార్చకపోవడం కూడా ఈ ఏర్పాటులో భాగమే. వినడానికి చిన్న విషయాలే. కాపురం రోజూ నడిచేది ఈ చిన్న విషయాల మీదే.

డబ్బు మాట వచ్చింది గనుక, ఒడిశా ప్రభుత్వం 2024 సెప్టెంబర్ 17న మొదలుపెట్టిన సుభద్ర పథకం గురించి కూడా చెప్పుకోవాలి. 21 నుంచి 60 ఏళ్ల లోపు అర్హులైన స్త్రీలకు ఏడాదికి 10,000 రూపాయలు, రెండు విడతల్లో, ఐదేళ్ల పాటు నేరుగా వాళ్ల ఖాతాలో పడుతుంది. కొన్ని ఇళ్లలో డబ్బు పడిన రోజే గొడవ మొదలవుతుంది. ఆమె పేరున వచ్చిన డబ్బు మీద నిర్ణయం ఎవరిదన్నది అసలు ప్రశ్న. పెళ్లి పీటల మీద "ధర్మేచ అర్థేచ కామేచ నాతిచరామి" అని ప్రమాణం చేసేది వరుడు. ధర్మంతో పాటు అర్థాన్ని కూడా ఆ ప్రమాణంలో కలిపారు. భార్యకు తెలియకుండా అప్పు చేయడం, ఆమె ఖాతా కార్డు తన జేబులో పెట్టుకోవడం ఆ ప్రమాణాన్ని దాటడమేనని పురోహితులు పెళ్లిలోనే ఒక్క మాట విప్పి చెబితే బాగుంటుంది.

మగ్గం దగ్గర ఇద్దరు

మహురి రాజుల కాలంలో పట్టునేత కోసం వచ్చి బరంపురంలో స్థిరపడిన దేవాంగుల ఇళ్లలో, భార్యాభర్తలు కలిసి పనిచేయడం అనేది ఉపన్యాసాల్లో వినవలసిన సంగతి కాదు. పట్టు నేత ఒక్కరి వల్ల కాదు. దారం తోడాలి, ఆసు పోయాలి, కండెలు చుట్టాలి, పడుగు సిద్ధం చేయాలి. ఇవన్నీ ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీద నడిస్తేనే మగ్గం మీద నాడె ఆడుతుంది. కండె ఆలస్యమైతే నేత ఆగుతుంది, నేతలో పోగు తెగితే ఆమె పని వృథా అవుతుంది. పొద్దున పోట్లాడుకున్న జంట కూడా మధ్యాహ్నానికి పోగు అతకడానికి ఒకచోట కూర్చోక తప్పదు. చేతులు పనిలో ఉన్నప్పుడు మాటలు మెత్తబడతాయని ఆ వీధుల్లో పెద్దవాళ్లకు బాగా తెలుసు.

అయితే ఇక్కడా ఒక పొరపాటు పాతుకుపోయింది. చీర అమ్ముడుపోయినప్పుడు కూలి అతని చేతికి వస్తుంది, నేతగాడు అన్న పేరు అతనికే వస్తుంది. ఆమె పని "ఇంట్లో సాయం" అయిపోతుంది. 2019–20లో జరిగిన నాలుగో చేనేత గణనలో దేశం మొత్తం మీద నేత, అనుబంధ పనుల్లో ఉన్నవాళ్లలో నూటికి 70 మందికి పైగా స్త్రీలేనని తేలింది. లెక్కలో వాళ్లున్నారు, ఇంటి మాటల్లో లేరు. కలిసి పడిన కష్టానికి పేరు ఒకరికే దక్కినప్పుడు ఆ కలయిక మీద కూడా విసుగు పుడుతుంది. ఉమ్మడి కృషి అని గొప్పగా చెప్పుకోవాలంటే ముందు ఆ కూలి డబ్బులు ఇద్దరి ముందూ లెక్కపెట్టాలి.

మగ్గాలు తగ్గి, కొడుకులు బయటి పనులకు పోతున్నకొద్దీ ఒకే పని మీద ఇద్దరూ కూర్చునే అవకాశమే పోతోంది. దాని బదులు ఇంకో పని వెతుక్కోవాలి. స్వయంసహాయక సంఘం లెక్కలు రాయడంలో భర్త సాయం చేయడం, వంటలో ఒక పూట అతను పంచుకోవడం, పిల్లల్ని సాయంత్రం ఇద్దరూ కలిసి చదివించడం, ఏదైనా సరే. వారానికి ఒక్క పనైనా ఇద్దరూ ఒకే సమయంలో ఒకే చోట చేసేది ఉండాలి. పక్కపక్కన కూర్చుని టీవీ చూడడం దీని కిందికి రాదు.

ఈ సందర్భంలో ఒడియా వాళ్ల రజ పండుగ నుంచి తెలుగు ఇళ్లు నేర్చుకోదగ్గది చాలా ఉంది. జూన్ మధ్యలో మిథున సంక్రాంతి చుట్టూ మూడు రోజులు భూమి తల్లికి విశ్రాంతి. దున్నడం ఉండదు. ఆడవాళ్లు రుబ్బడం, దంచడం, కూరలు తరగడం లాంటి పనులు మానేసి కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలు ఊగుతారు. స్త్రీకి విశ్రాంతి ఇవ్వడం దయ కిందికి రాదు, అది ధర్మం అని ఒక పండుగ నిలబెట్టి చెప్పడం గొప్ప విషయం. పక్కవీధిలో ఉయ్యాలలు ఊగుతుంటే మన వీధిలో కోడలు అదే పూట రెట్టింపు పిండివంటలు చేస్తూ ఉండడం న్యాయం కాదు.

తలుపు వేసిన లక్ష్మి

పూరీ రథయాత్రను భక్తులు రథాల కోసం చూస్తారు. దాని వెనక ఇంకో కథ నడుస్తూ ఉంటుంది. జగన్నాథుడు అన్నను, చెల్లెల్ని తీసుకుని గుండిచా మందిరానికి వెళ్తాడు, భార్యను తీసుకెళ్లడు. ఐదో రోజు, హేరా పంచమి నాడు, లక్ష్మి పల్లకిలో అక్కడికే బయల్దేరి వెళ్తుంది. కోపంతో స్వామి రథమైన నందిఘోషలోని ఒక కర్ర ముక్క విరిచి వెనక్కి వస్తుంది. యాత్ర ముగించుకుని జగన్నాథుడు శ్రీమందిరానికి తిరిగొచ్చే నీలాద్రి బిజే నాడు ఆమె తలుపు వేయిస్తుంది. అప్పుడు స్వామి తరఫు సేవకులు, అమ్మవారి తరఫువాళ్లు తలుపుకు అటూ ఇటూ నిలబడి వాదించుకుంటారు. చివరికి స్వామి రసగుల్లాలు సమర్పించి బుజ్జగిస్తే తలుపు తెరుచుకుంటుంది. తిరుమలలో జరిగే ప్రణయ కలహోత్సవంలో కూడా అమ్మవారి వైపు నుంచి స్వామి మీదికి పూలబంతులు విసురుతారు, స్వామి తప్పు లేదని విన్నవించుకుంటాడు. ఒడియా దేవుడికీ తెలుగు దేవుడికీ ఈ విషయంలో తేడా లేదు.

ఇందులో ఒక క్రమం ఉంది. కోపం దాచుకోలేదు, ముఖం మీదే చూపించింది. కానీ రథం మొత్తం కూల్చలేదు, ఒక్క ముక్క విరిచింది. కోపానికి హద్దు అంటే అది. ఆ తర్వాత తన మానాన తాను వెనక్కి వచ్చింది, అక్కడే కూర్చుని పోరు పెట్టుకోలేదు. చల్లబడడానికి మధ్యలో కొన్ని రోజులు దొరికాయి. తిరిగొచ్చినవాడు "ఇది నా ఇల్లు, నేనెందుకు అడగాలి" అనలేదు, గుమ్మం బయట నిలబడ్డాడు. ఇరుపక్షాల మాటా చెప్పేవాళ్లు ఉన్నారు. చివర్లో తీపి. ఈ క్రమంలో ఏ మెట్టు దాటవేసినా కథ తప్పుతుంది. తప్పు ఒప్పుకోకుండా మిఠాయి పొట్లం, కొత్త చీర పట్టుకొచ్చి "ఇక వదిలెయ్" అనే భర్తలు చాలామంది చివరి మెట్టు ఒక్కటే గుర్తుంచుకున్నారు.

ఇరుపక్షాల నుంచీ ఒక్కొక్కరు అన్న పద్ధతి హిందూ ఆలయాల్లోనే కాదు, ఖురాన్‌లోనూ ఉంది. దంపతుల మధ్య చీలిక వస్తుందనిపిస్తే అతని కుటుంబం నుంచి ఒకరిని, ఆమె కుటుంబం నుంచి ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమని నాలుగో సూరా, అంటే నాలుగో అధ్యాయం, చెబుతుంది. గజపతి జిల్లాలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. పొద్దు కుంకేలోపు కోపం విడిచిపెట్టమన్న పౌలు మాట వాళ్ల ప్రార్థనల్లో వినబడుతుంది. ఏ మతమైనా మాట ఒకటే: పంచాయితీకి పదిహేను మంది అక్కర్లేదు, ఇద్దరు చాలు. ఆ ఇద్దరూ తమవాళ్ల తప్పు తమవాళ్లకు చెప్పగలిగిన వాళ్లై ఉండాలి. కొడుకు తప్పును కొడుకు ముఖం మీద చెప్పలేని మేనమామను మధ్యవర్తిగా పిలిస్తే పని చెడుతుంది.

పుట్టింటి తలుపు

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రకు ఇక్కడి తెలుగు ఇళ్లలో ఉన్న స్థానం అందరికీ తెలుసు. చైత్రంలో అమ్మవారు తన గుడి విడిచి దేశిబెహరా వీధిలో వేసిన తాత్కాలిక మందిరానికి వస్తుంది. దేశిబెహరా అంటే దేవాంగుల కులపెద్ద. అమ్మవారు పుట్టింటికి వచ్చిందని జనం నమ్మకం. ఆ వారాల్లో ఊరంతా ఆమెను ఆడపడుచులా చూసుకుంటుంది, ముత్తయిదువలు ఘటాలు ఎత్తుకుని ఊరేగుతారు. తర్వాత సగౌరవంగా ఆమె చోటికి సాగనంపుతారు.

అమ్మవారు ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. ఎప్పుడు వెళ్తావనీ అడగరు. తగవు పడి పుట్టింటికి చేరిన కన్నకూతురిని మాత్రం మూడో రోజుకే "నలుగురూ ఏమనుకుంటారు" అని అడుగుతారు. పుట్టింటి తలుపు తెరిచి ఉందని తెలిసిన పిల్ల అత్తింట్లో భయం లేకుండా మాట్లాడుతుంది. భయం లేకుండా మాట్లాడేవాళ్ల మధ్యే రాజీ కుదురుతుంది. దిక్కులేక తిరిగెళ్లిన పిల్లతో కుదిరేది రాజీ అనిపించుకోదు. అలాగే పుట్టింటివాళ్లు పిల్లను దగ్గర పెట్టుకుని అల్లుణ్ని ఆడిపోసుకుంటూ, ఫోన్ ఎత్తనివ్వకుండా చేయడం కూడా తప్పే. ఆదరించడం, తగవును పెంచకపోవడం రెండూ వాళ్ల బాధ్యతే. అల్లుడు గుమ్మం దాకా వచ్చినప్పుడు మర్యాదగా పీట వేసి కూర్చోబెట్టి, ఏం మారబోతోందో అడగాలి.

వ్రతాల విషయంలోనూ ఒక మార్పు మంచిది. భర్త ఆయుష్షు కోసం సావిత్రీ వ్రతం, మంచి మొగుడి కోసం అట్లతద్ది, ఇలా ఉపవాసాలన్నీ ఒకరి వైపే పోగుపడ్డాయి. సప్తపదిలో మూడో అడుగు వ్రతం కోసం. ఆ అడుగు ఇద్దరూ కలిసి వేసినదే. ఏడో అడుగు అయ్యాక వరుడు వధువును సఖిగా ఉండమని అడుగుతాడు. కాబట్టి నెలకో రోజు ఇద్దరూ కలిసి ఉపవాసం ఉండి, ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని ఆ నెలలో ఒకరికొకరు కలిగించిన నొప్పి ఒక్కొక్కటి చెప్పుకోవడం శాస్త్రానికి విరుద్ధమేమీ కాదు. ఒకరు చెబుతుంటే రెండోవాళ్లు సమర్థించుకోకుండా చివరిదాకా వినాలి. దేవుడి ఎదుట గొంతు పెంచడానికి ఎవరికైనా సంకోచం ఉంటుంది. ఆ సంకోచం ఇక్కడ బాగా పనికొస్తుంది.

రాజీ కుదరని చోట

ఇంతవరకు చెప్పినదంతా ఇద్దరూ మనుషుల్లా ఉన్న కాపురాల గురించి. కొట్టడం, కట్నం కోసం వేధించడం, తాగి వచ్చి పిల్లల ముందు బూతులు తిట్టడం జరుగుతున్న ఇంటికి ఈ మాటలు వర్తించవు. అక్కడ ఓర్పు గురించి మాట్లాడేవాళ్లు పాపంలో పాలు పంచుకుంటున్నట్టే. 181 మహిళా హెల్ప్‌లైన్, ఆపదలో 112 అందుకే ఉన్నాయి. 2005 నాటి గృహహింస చట్టం కింద స్త్రీకి ఉమ్మడి ఇంట్లో నివసించే హక్కు ఉంది, ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే. సరిహద్దు కోడళ్లకు మరీ ముఖ్యమైన విషయం ఒకటుంది: అదే చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం, తాత్కాలికంగానైనా తానున్న చోటి మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. బరంపురంలో దెబ్బలు తిని ఇచ్ఛాపురంలోని పుట్టింటికి చేరిన స్త్రీ అక్కడే అడగవచ్చు, ప్రతి వాయిదాకూ రాష్ట్రం దాటనక్కర్లేదు. 2003లో సవరించిన హిందూ వివాహ చట్టం కూడా భార్య తానున్న చోటే విడాకుల కేసు వేయడానికి వీలిస్తోంది. న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు, 15100కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.

కోర్టు మెట్లెక్కితే రాజీ దారి మూసుకుపోయినట్టేనని చాలామంది భయపడతారు. హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లో, కేసు స్వభావాన్ని బట్టి వీలైన ప్రతిచోటా ముందు సయోధ్యకు ప్రయత్నించవలసిన బాధ్యత కోర్టుదేనని ఉంది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం పుట్టిందే అందుకోసం. అక్కడ కుదిరిన రాజీలో షరతులు కాగితం మీదికి వస్తాయి: వేరు కాపురమా కాదా, నెలకు ఇంటి ఖర్చుకు ఎంత, తాగుడు మానే వైద్యం ఎప్పుడు మొదలుపెట్టాలి, పిల్లల చదువు ఏ భాషలో.

ఆ కాగితం విషయంలో సరిహద్దు జిల్లాల పెద్దలు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పోలీసు స్టేషన్‌లోనో కుల పెద్దల దగ్గరో ఒప్పందం ఒడియాలో రాసి, తెలుగు తప్ప చదవడం రాని కోడలి చేత సంతకం పెట్టించడం ఇక మానాలి. పక్కనే తెలుగులో ఇంకో ప్రతి రాయాలి, ఆమెకు పైకి చదివి వినిపించాలి, ఒక కాపీ ఆమె చేతికివ్వాలి. తాను ఏ షరతు మీద తిరిగి వెళ్తోందో ఆమెకు తెలిసి ఉండాలి.